ఎండ మీటరు

ఆ ఏడు ఉగాది రాకముందే బోర్లు ఎండిపోయాయి. సోలార్ పార్కులో మా బ్లాకుకు నీళ్లిచ్చే బోర్లు రెండు. ఒకటి శివరాత్రి దాటగానే గాలి కక్కడం మొదలుపెట్టింది. రెండోది ఇంకొన్నాళ్లు బురదనీళ్లు పోసి, అదీ ఊరుకుంది. దుమ్ము మాత్రం ఎప్పటిలాగే సాయంత్రం గాలికి బలసముద్రం వైపు నుంచి లేచి వచ్చేది. తెల్లారేసరికి ప్యానెళ్ల మీద పిండి జల్లెడ పట్టినట్టు పరుచుకొని ఉండేది.

నేను ఆ బ్లాకులో టెక్నీషియన్‌ని. పావగడలో డిప్లొమా చదివి, మా ఊరు క్యాతగానచెర్లు దాటకుండానే ఉద్యోగం దొరికిందని సంబరపడినదాన్ని. పొద్దున్నే నా మొదటి పని ఎండను కొలిచే పరికరాన్ని తుడవడం. దాని అసలు పేరు పైరానోమీటరు. ప్యానెళ్ల వరస చివర, ఇనుప స్తంభానికి, ప్యానెల్ ఎంత వాలుగా ఉందో అంతే వాలుగా బిగించి ఉంటుంది. చూడటానికి అరచేతిలో పట్టే గాజు బుడగ, దాని అడుగున నల్లటి చిన్న బిళ్ల. ఎండ ఆ బిళ్లను ఎంత కాలిస్తే అంత అంకె కంట్రోల్ రూము తెరమీద కనబడుతుంది. బ్యాటరీలో పోసే నీళ్లు నాలుగు చుక్కలు మెత్తటి గుడ్డ మీద వేసి, గీత పడకుండా గాజును తుడవాలి. దానికి జతగా ఉండాల్సిన ఇంకో మీటరు పరీక్షకని బెంగళూరు వెళ్లి తిరిగి రాలేదు. ఉన్నది అదొక్కటే.

ప్యానెళ్లు కడిగే ఆడవాళ్లు దాన్ని ఎండ మీటరు అనేవాళ్లు. ఆ గుంపులో మా అమ్మ దాసమ్మ కూడా ఉండేది. గుంపుకు మేస్త్రీ హనుమంతరాయ, అమ్మకు తమ్ముడు, నాకు మేనమామ. కడిగే పనిని గుత్తకు తీసుకున్న కాంట్రాక్టరు ఎక్కడో తుమకూరులో ఉండేవాడు. ఇక్కడ మంచికీ చెడుకీ మామే జవాబు చెప్పాలి.

బోర్లు పోయిన కొత్తలో ఒకరోజు పొద్దున్నే మామ మీటరు దగ్గరికి వచ్చాడు. నేను గాజు తుడుస్తుంటే చేతులు వెనక్కి కట్టుకొని కాసేపు చూశాడు.

"పాపా, ఈ బుడ్డని దినామూ తుడవాల్నా?"

"తుడవాల మామా. దుమ్ము పడితే ఎండ తక్కువ చూపిస్తాది."

"తక్కువ చూపిస్తే ఏమి?"

నేను అతని ముఖంలోకి చూశాను. తెలియక అడగడం లేదు.

"ఎండే తక్కువుండాది అంటే, కరెంటు తక్కువ వచ్చింది ఎందుకని ఎవురూ అడగరు కదా," అన్నాడు మెల్లగా.

అతను చెప్పింది నిజమే. ఇంత ఎండకు ఇంత కరెంటు రావాలని ఒక లెక్క ఉంటుంది. రాకపోతే బెంగళూరు ఆఫీసులో ఎవరో ఒకరు ప్యానెళ్లు సరిగా కడగడం లేదా అని అడుగుతారు. ప్యానెల్ మీదా దుమ్ము, మీటరు మీదా దుమ్ము ఉంటే రెండూ సరిపోతాయి. కాగితం మీద అంతా బాగున్నట్టే ఉంటుంది.

"అది మోసం మామా."

"మోసమో ఏమో నాకు తెలీదు. నీళ్లు ఇయ్యరు, కడగమంటారు. ట్యాంకరు నాలుగు దినాలకొకసారి వస్తే అది ఏ మూలకి? పని బాగలేదని రాసినారంటే కాంట్రాక్టరు మమ్మల్నందర్నీ తీసేస్తాడు. మీ అమ్మ గూడా ఉండాది ఆ లెక్కలో. చూసుకో."

"నా చేత కాదు మామా."

మామ కోప్పడలేదు. తలమీద టోపీ సర్దుకొని వెళ్లిపోయాడు. అంత తేలిగ్గా వదిలేశాడేమిటా అని అప్పుడే అనుకోవాల్సింది.

నీళ్లు లేకపోయేసరికి పొడి మాపుతో తుడవమన్నారు. పొడవాటి కట్టెకు కట్టిన మాపును ప్యానెల్ మీద లాగితే దుమ్ము లేచి తుడిచేవాళ్ల ముక్కుల్లోకే వచ్చేది. అందరూ మూతికి తువ్వాళ్లు కట్టుకునేవాళ్లు. ట్యాంకరు వచ్చిన రోజు కడగడానికి పోగా మిగిలిన నీళ్లు డ్రమ్ముల్లో పట్టి పెట్టుకొని, మధ్యాహ్నం ఆ తువ్వాళ్లు తడుపుకొని మళ్లీ కట్టుకునేవాళ్లు. ఆ తడి ఆరేలోపు కాస్త ఊపిరాడేదట.

ఇంటికొచ్చాక అమ్మ దగ్గు ఆగేది కాదు. ఒక సాయంత్రం మా నాయన చౌడప్ప గొర్రెల్ని దొడ్లోకి తోలి వచ్చి, గడప మీద కూర్చొని ఆ దగ్గు విన్నాడు.

"మానేయరాదా దాసీ? చేను లీజు దుడ్డు వస్తానే ఉండాది. పాపకి జీతం వస్తాది. ఇంగ నీకేం కర్మ?"

అమ్మ ముద్ద కెలుకుతూ తల తిప్పకుండా చెప్పింది. "లీజు నీ పేరు మీద వస్తాది. జీతం దాని పేరు మీద వస్తాది. ఇదొక్కటే నా పేరు మీద వచ్చేది."

పెళ్లయిన నాటి నుంచి అమ్మ మా చేలోనే చాకిరీ చేసింది. శెనక్కాయ పీకింది, కళ్లం చేసింది. ఎన్ని చేసినా అది నాయన పంటే. ఆ చేను ప్యానెళ్ల కిందికి పోయాకే ఆమెకు బ్యాంకులో ఒక పుస్తకం వచ్చింది. గుంపులో రంగక్కతో, రత్నతో కలిసి నవ్వుకుంటూ ఆటోలో పోయి రావడం వచ్చింది. నా స్కూటర్ మీద రమ్మన్నా ఎక్కేది కాదు.

ఉగాది అయిపోయింది. ఎండ ముదిరింది. ఆ రోజుల్లోనే తెరమీద నాకు ఒక చిన్న వింత కనబడింది.

పొద్దున నుంచి ఎండ ఎంతుందో చూపే గీత ఒకటి తెరమీద నడుస్తుంది. మబ్బులేని రోజున అది నున్నటి గుట్టలా ఉంటుంది. పొద్దున మెల్లగా లేచి, నడిమింట గుండ్రంగా తిరిగి, సాయంత్రం మెల్లగా దిగుతుంది. మబ్బు అడ్డొస్తే గీతలో గుంట పడుతుంది. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. అయినా రోజూ పొద్దుటి టీ వేళకు గీతలో ఒక సన్నటి గుంట పడుతోంది. కన్ను మూసి తెరిచినంత సేపే. ఆ గుంట తర్వాత గీత మళ్లీ లేస్తోంది కానీ, లేవాల్సినంత ఎత్తుకు లేవడం లేదు.

మరుసటిరోజు టీ వేళకు నేను కంట్రోల్ రూములో కూర్చోలేదు. ప్యానెళ్ల వరస వెనకగా నడుచుకుంటూ మీటరు దగ్గరికి వెళ్లాను.

అమ్మ నిలబడి ఉంది. ప్యానెల్ తుడిచిన మాపుగుడ్డను గాజు మీద చెయ్యెత్తి మెల్లగా విదిలిస్తోంది. రుద్దడం లేదు, అద్దడం లేదు. గాలికి పడిన దుమ్ములాగే ఉండాలని ఎంతో ఓపికగా చేస్తోంది. ఆమె చెయ్యి నీడ గాజు మీద పడుతోంది. నేను తెరమీద చూసిన గుంట అదే.

"మా, ఏం చేస్తావుండావు?"

ఉలిక్కిపడలేదు. "చూస్తానే ఉండావు కదా."

"మామ చెప్పినాడా?"

"ఎవురు చెప్తే ఏమి? నీకు చెప్తే ఇనలేదంట."

"తెలిసిందంటే నా ఉద్యోగం పోతాది మా."

"నీకు ఇంకోటి వస్తాది. సదువుకున్నావు. రంగక్కకి యాడొస్తాది? నాకు యాడొస్తాది?"

"అట్లని తప్పు లెక్క చూపిస్తారా?"

"నేనేమన్నా సూర్యుణ్ణి తగ్గించినానా? ఆయప్ప ఎండ ఆయప్ప ఇస్తానే ఉండాడు. గాజు మీద ఇంత దుమ్ము. అంతే కదా." గుడ్డ మడిచి భుజాన వేసుకుంది. "పో, నీ పని చూసుకో. ఆడ వాళ్లు నాకోసరం చూస్తావుంటారు."

నేను ఇంజనీరుకు చెప్పలేదు. పొద్దున్నే నేను తుడిచేదాన్ని. టీ వేళకు అమ్మ దుమ్ము చల్లేది. సాయంత్రం ఇద్దరం ఒకే పొయ్యి దగ్గర కూర్చొని, ఒకే గిన్నెలోంచి పులుసు పోసుకొని తినేవాళ్లం. దాని మాట ఎవరమూ ఎత్తేవాళ్లం కాదు. అలసిపోయి పడుకోవడం, లేచి మళ్లీ అదే చేయడం. చాలా రోజులు అలాగే గడిచాయి.

మా బ్లాకు ఇంజనీరు గోపాలకృష్ణ సార్‌ది తిపటూరు. ఇంకా చాలా బ్లాకులు ఆయన మీదే ఉండటంతో మా దగ్గర నిలబడి నీళ్లు తాగేంత తీరికా ఉండేది కాదు. ఒకరోజు ఆయన నవ్వుకుంటూ వచ్చాడు.

"మేఘా, బెంగళూరులో మన బ్లాకుకు మంచి పేరొచ్చింది. పొడిగా తుడిచినా ఎండకు తగ్గ కరెంటు వస్తూనే ఉంది చూడు. మిగతావాళ్లు మిమ్మల్ని చూసి నేర్చుకోవాలన్నారు."

"సంతోషం సార్," అన్నాను.

"ఇక ట్యాంకరు కూడా అక్కర్లేదంట. ఆ నీళ్లు వేరే బ్లాకులకు పంపిస్తారు."

నా చేతిలో ఉన్న పానాను బల్లమీద పెట్టేశాను.

ఆ సాయంత్రం అమ్మ చింతపండు పిసుకుతుంటే ఎదురుగా కూర్చున్నాను.

"మా, ట్యాంకరు ఇంగ రాదు."

"ఎందుకు రాదు?"

"నీళ్లు లేకపోయినా ప్యానెళ్లు బాగుండాయని అక్కడ అనుకుంటా ఉండారు. లెక్క అట్ల చూపిస్తా ఉండాది. ఆ గాజు మీద దుమ్ము ఉన్నన్ని దినాలు, మీకు నీళ్లు లేవని ఎవురికీ తెలీదు."

అమ్మ చెయ్యి గిన్నెలో ఆగిపోయింది. కాసేపటికి పిప్పి పిండి పక్కన వేసి, చెయ్యి కడుక్కొని బయటికి వెళ్లింది. దొడ్డి దగ్గర నాయనతో ఏదో గొర్రెపిల్ల గురించి మాట్లాడటం వినబడింది. మరుసటిరోజు టీ వేళకు గీతలో గుంట మళ్లీ పడింది.

డ్రమ్ములు ఎండిపోయాయి. తాగడానికి కంపెనీ క్యాన్లు ఇచ్చేది. అవి తాగడానికే చాలీచాలకుండా ఉంటే తువ్వాళ్లు తడుపుకునేది ఎక్కడ? పొడి తువ్వాళ్లే కట్టుకున్నారు. మధ్యాహ్నం ప్యానెళ్ల సందుల్లోకి వెళితే పైనుంచి ఎండ, పక్కనుంచి గాజు సెగ, కిందనుంచి నేల సెగ. అక్కడ నిలబడి రంగక్క ఒకరోజు మాపు కట్టె పట్టుకొని ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టిందట. ఎదురుగా ఎవరూ లేరట. రత్న కేక వేస్తే నేను పరుగెత్తి వెళ్లాను. అప్పటికే రంగక్క కిందపడి ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోంది కానీ చెమట చుక్క లేదు.

ప్యానెల్ కింద నీడలోకి లాగాం. ఆ నీడా కాలుతోంది. ఒంటిమీద పోయడానికి అమ్మ డ్రమ్ముల దగ్గరికి పరుగెత్తింది. ఒకదాని తర్వాత ఒకటి వంచి చూసింది. ఖాళీ డ్రమ్ము ఒకటి పక్కకు దొర్లి, ప్యానెల్ కాలికి తగిలి మోగింది. చివరికి తాగే క్యాన్ ఎత్తుకొచ్చి రంగక్క తలమీద, గుండెమీద కుమ్మరించాం. గోపాలకృష్ణ సార్ తన జీపులోనే పావగడ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అమ్మ వెనక సీట్లో రంగక్క తల ఒళ్లో పెట్టుకొని, కొంగుతో విసురుతూ కూర్చుంది.

ప్రాణం దక్కింది. కానీ రంగక్క మాట ముద్దగా అయిపోయింది. నడిస్తే ఒకరు పట్టుకోవాలి. ఆమె మళ్లీ ఎండలో పనికి రాలేదు.

రంగక్క పడిన మరుసటి పొద్దున నేను మీటరు దగ్గరికి వెళ్లేసరికి గాజు తళతళలాడుతోంది. నేనింకా తుడవలేదు. స్తంభం మొదట్లో మట్టి మీద నీళ్లు కారిన తడి ఉంది. కొంచెం దూరంలో అమ్మ, తాగే నీళ్ల సీసా మూత బిగించుకుంటూ, వరసల్లోకి నడిచిపోతోంది. నేను గుడ్డ మడిచి పెట్టుకొని కంట్రోల్ రూము వైపు తిరిగాను.

ఆ రోజు టీ వేళకు గీత ఎక్కడా ఆగలేదు. నున్నగా లేచి, నేను చాన్నాళ్లుగా చూడనంత ఎత్తుకు వెళ్లింది. దాని కింద కరెంటు గీత ఎక్కడో నేలబారున ఉండిపోయింది. ఇలా రెండు మూడు రోజులు గడిచాక గోపాలకృష్ణ సార్ పరుగున వచ్చాడు. ఫోను చెవి దగ్గరే ఉంది. ఫోను పెట్టేసి తెర ముందు నిలబడ్డాడు.

"ఇంత ఎండ ఉంది కదా మేఘా, కరెంటు ఏమైపోయింది?"

"దుమ్ము సార్. నీళ్లు లేవు."

"మరి మొన్నటిదాకా?"

ఆయన నా ముఖం వైపు చూశాడు, తర్వాత కిటికీలోంచి వరసల్లో తుడుస్తున్న ఆడవాళ్ల వైపు చూశాడు. మళ్లీ అడగలేదు. మంచి పేరు ఆయనకూ వచ్చింది మరి.

"నీళ్లు కావాలని రాస్తాను," అని మాత్రం అన్నాడు.

నీళ్లు వచ్చాయి. ఒకటి కాదు, వరసగా ట్యాంకర్లు వచ్చాయి. మొదటి రోజు పైపు వదలగానే రత్న నీళ్లను ప్యానెల్ మీదికి కాకుండా మా అమ్మ మీదికి తిప్పింది. అమ్మ తిట్టుకుంటూ, నవ్వుకుంటూ పైపు లాక్కొని ఆమెను తడిపింది. అందరూ నెత్తి నుంచి పాదాల దాకా తడిసిపోయి, ఆ తడి బట్టలతోనే సాయంత్రం దాకా పని చేశారు. అమ్మ అంత గట్టిగా నవ్వడం నేను మళ్లీ వినలేదు.

ట్యాంకర్ల వెనకే బెంగళూరు నుంచి మనుషులు కారులో వచ్చారు. ప్యానెళ్ల పొడవు, వెడల్పు టేపుతో కొలుచుకున్నారు. నీళ్ల ఖర్చు ఇంత అయితే ఎలా అని వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. ఇంకొన్నాళ్లకు ఒక లారీ వచ్చింది. అందులోంచి పొడవాటి బ్రష్షులున్న యంత్రాలను దింపి ప్యానెళ్ల వరసల మీద ఎక్కించారు. బటన్ నొక్కితే యంత్రం తనంతట తానే వరస ఈ చివర నుంచి ఆ చివరకు తుడుచుకుంటూ పోతుంది. దానికి నీళ్లు అక్కర్లేదు. ఆడవాళ్లు మాపు కట్టెలు నేలకు ఆనించి, అది వెళ్లిన వైపే చూస్తూ నిలబడ్డారు.

నెలాఖరు దాకానే పని ఉంటుందని కాంట్రాక్టరు ఫోనులో చెప్పాడు. ఆ సాయంత్రం మామ మా ఇంటికి వచ్చాడు. వెనక గుంపులో ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. నాయన మంచం వాల్చబోతే మామ వద్దన్నాడు.

"నేను ముందే అడిగినా. పాపా, ఆ గాజు వదిలేయమని. ఇన్లేదు. ఇప్పుడు చూడు. నీ చేత్తో నీ తల్లి కూటిలోనే మన్ను కొడితివి కదా!"

ఏం చెప్పినా అది అమ్మ మీదికే పోతుంది. తల వంచుకొని నిలబడ్డాను.

అమ్మ వంటింట్లోంచి వచ్చి నా ముందు నిలబడింది.

"పాపనేమీ అనాకు హనుమంతా. తుడిచింది నేను."

"నువ్వా?"

"నేనే. దుమ్ము ఏసింది నేనే, తుడిచింది నేనే. దానికేమీ తెలీదు."

"ఎందుకు తుడిస్తివక్కా? పని పోతాదని తెలీదా నీకు?"

"తెలుసు." అమ్మ వాకిట్లో ఉన్న ఆడవాళ్ల వైపు చూసింది. "రంగక్క పడినప్పుడు డ్రములు వంచింది నేను. ఒగదాంట్లో అన్నా చెంబుడు నీళ్లుండినాయా? నీళ్లు రాకుండా చేసింది నేనే కదా. ఇంగొకరు పడేదాకా ఎయ్యమంటావా ఆ దుమ్ము?"

రత్న కొంగుతో ముఖం తుడుచుకుంది. మిగతావాళ్లు ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కొని బయలుదేరారు. మామ అందరికన్నా ఆఖరున వెళ్లాడు. అతను ఇప్పుడు వై.ఎన్.హొసకోటలో శెనక్కాయల వ్యాపారి దగ్గర గుమాస్తాగా ఉన్నాడు. బస్సులో ఎదురుపడితే నన్ను పలకరిస్తాడు. మా ఇంటికి మాత్రం ఆ తర్వాత రాలేదు. అమ్మ నాయనతో పాటు గొర్రెల వెంట పోవడం మొదలుపెట్టింది. దారిలో రంగక్క ఇంటిముందు ఆగి, కాసేపు కూర్చొని కదులుతుంది. నా ఉద్యోగం నాకే ఉంది.

ఆ నెలాఖరున, గుంపుకు ఆఖరి రోజు మధ్యాహ్నం అందరూ టోపీలు, నారింజ రంగు కోట్లు అప్పజెప్పడానికి ఆఫీసు దగ్గరికి వచ్చారు. అమ్మ తనవి ఇచ్చేసి, అందరితో పాటు ఆటో వైపు పోకుండా, కంట్రోల్ రూము తలుపు తోసి తల లోపలికి పెట్టింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ రాలేదు.

"రావచ్చునా?"

"రా మా. కూచో."

కూర్చోలేదు. ఏసీ గాలికి భుజాలు ముడుచుకొని నిలబడి, గోడకున్న తెరలన్నీ చూసింది.

"ఆ ఎండ మీటరు చెప్పేది యాడ కనిపిస్తాది?"

చూపించాను. సరిగ్గా నడిమింట ఎండ. గీత గుట్ట కొసన ఉంది. పక్కన అంకె.

"ఇప్పుడెంత ఉండాది?"

"వెయ్యి, మా."

"వెయ్యి అంటే?"

ఎలా చెప్పాలో తెలియలేదు. చదరపు మీటరుకు ఇన్ని వాట్లు అని చెబితే ఏం లాభం? కాస్త ఆలోచించి, నేలమీద చేతులు చాపి చూపించాను. "ఇంత పొడుగు, ఇంత వెడల్పు చోటు అనుకో. ఆ చోటు మీద పడే ఎండ ఒక ఇస్త్రీపెట్టె కాలేంత ఉంటాది. మనిషి పండుకునే చోటులో అయితే, రెండు ఇస్త్రీపెట్టెలు."

అమ్మ ఆ అంకె వైపు చాలాసేపు చూసింది. ఎండకు కమిలిన ముంజేతులు ఒకదాని మీద ఒకటి రుద్దుకుంది.

"అంతేనా?" అంది. "నేనింగా శానా అనుకుంటిని."

కొంగు తలమీదికి లాక్కొని, తలుపు తీసుకొని బయటికి వెళ్లిపోయింది.